బొమ్మల చేష్టలు – మన బిడ్డల నడవడిక



ఎండాకాలం సెలవులు, దసరా సెలవులు వచ్చాయంటే మా ఆసుపత్రి క్యాజువాలిటీకి పిల్లల రాక పెరుగుతుంది. మేడ్చల్ నుంచి, శామీర్‌పేట నుంచి, తుర్కపల్లి, అలియాబాద్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చెయ్యి విరిగి, గడ్డం చిట్లి, పళ్ళు కదిలి వస్తుంటారు. చెట్టెక్కి పడ్డవాళ్ళు, సైకిల్ మీది నుంచి పడ్డవాళ్ళు ఎప్పుడూ ఉన్నవాళ్ళే. కొన్నేళ్ళుగా వాళ్ళతోపాటు ఇంకో రకం పిల్లలను చూస్తున్నాము. "ఎట్ల పడ్డవు బిడ్డా?" అని అడిగితే, మంచం మీద నిలబడి చెయ్యి ముందుకు చాపి ఎగిరానని, టీవీలో ఫలానా బొమ్మ అట్లనే ఎగురుతుందని చెబుతారు. చేతికి కట్టు కడుతున్నా సరే, ఆ బొమ్మ పేరు చెప్పేటప్పుడు వాళ్ళ ముఖం వెలిగిపోతుంది.

ఓపీలో తల్లులు చెప్పే మాటలు వేరు. "సిస్టర్, వీడు ఏమన్నా అంటే నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడతాడు. చెల్లెను పిడికిలితో గుద్దుతాడు. ఫోన్‌లో బొమ్మలు లేకపోతే ముద్ద మింగడు." ఇలాంటి మాట వినని వారం లేదు. అందుకే ఈ సంచికలో కార్టూన్ బొమ్మల నిలబడే తీరు, చేతుల కదలిక, ముఖ కవళికలు పిల్లల మీద ఎలా పనిచేస్తాయో, ఇంట్లో మనం ఏమి చేయగలమో వివరించదలిచాము. టీవీని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఉదయం ఇద్దరూ ఫ్యాక్టరీ డ్యూటీకి పోయే ఇంట్లో, ఒక్క గదిలో అద్దెకుండే కుటుంబంలో, టీవీయే పిల్లలకు కాపలా ఎందుకవుతుందో మాకు తెలుసు.

మాట కంటే ముందు ఒళ్ళు మాట్లాడుతుంది

పసిబిడ్డ మాటలు నేర్చుకోకముందే ముఖాలు చదవడం నేర్చుకుంటుంది. అమ్మ కనుబొమలు ముడిస్తే ఏడుపు ముఖం పెడుతుంది, నవ్వితే నవ్వుతుంది. ఎదుటివాళ్ళ ఒంటి తీరు చూసి మనసు తెలుసుకునే శక్తిని దేవుడు మనకు చిన్ననాడే ఇచ్చాడు. అది ఎంత బలమైనదో 1944లో అమెరికాలో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. వాళ్ళు రెండు త్రిభుజాలు, ఒక చిన్న గుండ్రని బిళ్ళ కదిలే చిన్న ఫిల్మ్ తయారు చేశారు. వాటికి కళ్ళు లేవు, నోరు లేదు. అయినా చూసినవాళ్ళలో దాదాపు అందరూ పెద్ద త్రిభుజం కోపిష్టిదని, మిగతావి దాన్ని చూసి భయపడుతున్నాయని కథ అల్లి చెప్పారు. వట్టి కదలికకే ఇంత శక్తి ఉంటే, పెద్ద పెద్ద కళ్ళు, పొంగే ఛాతీ ఉన్న బొమ్మకు ఎంత ఉంటుందో ఆలోచించండి.

బొమ్మలు గీసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే కదలికలను ఉన్నదానికంటే పెద్దవి చేసి చూపిస్తారు. భయపడితే కళ్ళు బయటికి వస్తాయి, కోపం వస్తే ఒళ్ళంతా ఎర్రబడుతుంది, దెబ్బ కొట్టే ముందు చెయ్యి బాగా వెనక్కి పోతుంది. 1940లో మొదలైన టామ్ అండ్ జెర్రీలో మాటలు దాదాపు ఉండవు. అయినా తెలుగు మాత్రమే తెలిసిన పిల్లవాడికి, హిందీ, ఒడియా మాట్లాడే పిల్లవాడికి ఒకేలా అర్థమవుతుంది. మన సండే స్కూలులో కూడా ఇదే జరుగుతుంది. యాక్షన్ సాంగ్ నేర్పితే పిల్లలు మాటలు మరచిపోయినా చేతుల అభినయం మరచిపోరు. ఒంటితో నేర్చుకున్నది ఒంట్లో నిలిచిపోతుంది.

మన హైదరాబాద్ బొమ్మే చూద్దాం

మన పిల్లలకు బాగా ఇష్టమైన ఛోటా భీమ్ ఎక్కడో పై దేశంలో పుట్టలేదు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దీన్ని తయారు చేసింది. 2008లో పోగో ఛానెల్‌లో ప్రసారం మొదలైంది. మన మేడ్చల్ నుంచి బస్సులో పోగలిగినంత దూరంలో తయారైన బొమ్మ దేశమంతటి పిల్లల మనసు దోచుకుంది. అదే భీమ్‌ను పాకే పసివాడిగా చూపించే మైటీ లిటిల్ భీమ్ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులో సంభాషణలు ఉండవు. అంతా ఒంటి భాషే.

భీమ్ ఒంటి తీరును ఒకసారి గమనించండి. స్నేహితులకు ఆపద వస్తే వెనక్కి తగ్గడు, ఛాతీ నిటారుగా పెట్టి ముందు నిలబడతాడు. చుట్కీ పక్కన, రాజు పక్కన, జగ్గు అనే కోతి పక్కన నిలబడే తీరులో స్నేహం కనబడుతుంది. ఇది మంచిదే. భయపడే బిడ్డకు ధైర్యంగా నిలబడడం నేర్పితే సంతోషమే. అయితే అదే భీమ్ లడ్డు తినగానే కండలు ఉబ్బుతాయి, ఎదుటివాణ్ణి ఎత్తి గిరగిర తిప్పి విసిరేస్తాడు. విసిరేయబడినవాడు కాసేపటికి దులుపుకొని లేస్తాడు. రక్తం రాదు, కట్టు కట్టరు, తల్లి ఏడవదు. నాలుగేళ్ళ బిడ్డకు ఇందులో ఏది నిజమో, ఏది బొమ్మలాటో విడదీసే వయసు ఇంకా రాలేదు.

లడ్డు సంగతి కూడా చెప్పాలి. బలం కోసం లడ్డు కావాలని పిల్లలు మారాం చేయడం చాలా ఇళ్ళలో ఉన్నదే. పండుగకో, పుట్టినరోజుకో ఒక లడ్డు తింటే తప్పు లేదు. కానీ మన పిల్లలకు బలం కోడిగుడ్డు, పప్పు, పాలకూర, తైదలు, పల్లీల నుంచి వస్తుంది. బొమ్మ మీది ఇష్టాన్నే వాడుకొని, "భీమ్‌లాగ కావాలంటే ఈ ముద్ద తిను" అని పప్పన్నం ముద్ద పెట్టవచ్చు.

చూసినదల్లా చేస్తారా?

ఈ ప్రశ్నకు పేరున్న జవాబు ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్తది. 1961లోను, 1963లోను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ పిల్లలతో ఆయన ప్రయోగాలు చేశారు. 1963 ప్రయోగంలో 96 మంది పిల్లలున్నారు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక మనిషి కొట్టడం కొందరు ఎదురుగా చూశారు, కొందరు ఫిల్మ్‌లో చూశారు. ఇంకొందరికి పిల్లి వేషం వేసిన మనిషి కొట్టడం కార్టూన్ తరహాలో చూపించారు. తర్వాత పిల్లలను ఆట వస్తువులున్న గదిలో వదిలితే, ఏమీ చూడని పిల్లలకంటే ఈ మూడు గుంపుల పిల్లలూ దాదాపు రెట్టింపు కొట్టుడు, తన్నుడు చూపించారు. కార్టూన్ చూసినవాళ్ళు మనిషిని చూసినవాళ్ళకు ఏమీ తీసిపోలేదు. "అది బొమ్మేగా, పిల్లలకు ఏమి ఎక్కుతుంది?" అని మనం అనుకునే మాట అక్కడ నిలబడలేదు.

ఇంకో పరిశోధన 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో జరిగింది. నాలుగేళ్ళ పిల్లలు 60 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు 9 నిమిషాలు చాలా వేగంగా కదిలే కార్టూన్ చూసింది, ఇంకొకటి నెమ్మదిగా నడిచే కార్టూన్ చూసింది, మూడోది రంగు పెన్సిళ్ళతో బొమ్మలు గీసింది. వెంటనే పరీక్షిస్తే, వేగమైన కార్టూన్ చూసిన పిల్లలు ఓపికగా ఆగడంలో, చెప్పినట్లు చేయడంలో మిగతావారికంటే వెనకబడ్డారు. టీవీ కట్టేసిన వెంటనే పిల్లవాడు మాట వినకుండా గంతులేస్తున్నాడంటే అది మొండితనం ఒక్కటే కాకపోవచ్చు. వాడి ఒంట్లో ఆ వేగం ఇంకా దిగలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ ప్రయోగాలు చూసిన తర్వాత కొద్దిసేపు జరిగినదాన్ని చెబుతాయి. కార్టూన్ చూసిన ప్రతి బిడ్డా దుడుకువాడవుతాడని ఇవి చెప్పవు. ఇంట్లో పెద్దలు ఒకరినొకరు కొట్టుకుంటే, తిట్టుకుంటే, దాని ప్రభావం ఏ బొమ్మకంటే ఎక్కువే. బిడ్డ ముందు మొదటి తెర మన ముఖమే.

దూకుడు, దెబ్బలు

1997 నుంచి 2005 వరకు దూరదర్శన్‌లో వచ్చిన శక్తిమాన్ కార్టూన్ కాదు, మనుషులు నటించిన ధారావాహిక. అయినా పిల్లలు గిరగిర తిరిగి, ఎత్తుల నుంచి దూకి దెబ్బలు తగిలించుకుంటున్నారని ఆ రోజుల్లో దేశమంతా ఆందోళన పడింది. బ్రిటన్‌లో 2007లో వైద్యులు ఒక వైద్య పత్రికలో, సూపర్‌హీరో దుస్తులు వేసుకొని గట్టి గాయాలతో వచ్చిన ఐదుగురు పిల్లల సంగతి రాశారు. ఆ దుస్తులు వేసుకుంటే శక్తి రాదని పిల్లలకు చెప్పాలని పెద్దలకు గుర్తు చేశారు.

మన ఇళ్ళలో ఆ దుస్తులు లేకపోయినా అమ్మ చున్నీ ఉంటుంది. చున్నీని మెడకు ముడి వేసుకొని ఎగిరే ఆట చాలా ప్రమాదం. అది కిటికీ ఊచకో, తలుపు గడియకో తట్టుకుంటే ఊపిరి ఆగుతుంది. వీపు మీద పిన్నీసుతో వదులుగా పెట్టండి, మెడకు ముడి వద్దు. పిట్టగోడ లేని డాబాలు, కట్టడంలో ఉన్న అపార్ట్‌మెంట్లు మన వైపు చాలా ఉన్నాయి. బొమ్మ నీళ్ళలోకి తలకిందులుగా దూకి నవ్వుతూ పైకి వస్తుంది. శామీర్‌పేట చెరువులోకి, నీళ్ళు నిండిన క్వారీ గుంతలోకి దూకిన బిడ్డ అలా రాకపోవచ్చు. పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలను నీళ్ళ దగ్గరికి పంపవద్దు.

బొమ్మ చేష్ట ఒక దేశంలో మంచిదై ఇంకో దేశంలో ప్రమాదం కావచ్చు. బ్రిటన్‌లో తయారైన పెప్పా పిగ్‌లో సాలీడుకు భయపడవద్దని, దానితో స్నేహంగా ఉండవచ్చని చూపించిన భాగం ఒకటి ఉంది. విషపు సాలీళ్ళున్న ఆస్ట్రేలియాలో 2012లో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఆ భాగాన్ని ఆపివేసింది. మనకు సాలీడు కంటే పాముతో ప్రమాదం. మన పొలాల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉంటాయి. కార్టూన్‌లో పాము నవ్వుతుంది, చేతులు కలుపుతుంది. పాము కనబడితే కదలకుండా ఆగి, మెల్లగా వెనక్కి వచ్చి పెద్దలను పిలవాలని బిడ్డకు చేసి చూపించండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం కోసం ఆగడం వద్దు. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

అదే పెప్పా పిగ్‌లో మొదట్లో బొమ్మలు కారులో సీటు బెల్టు లేకుండా కూర్చునేవి. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పాక, 2010 ప్రాంతంలో తయారీదారులు బెల్టులు గీసి చూపించారు, పాత భాగాలను కూడా సరిచేశారు. పిల్లలు చూసి నేర్చుకుంటారని ఆ బొమ్మలు గీసినవాళ్ళే ఒప్పుకున్నారన్నమాట. 44వ నంబరు జాతీయ రహదారి మీద, రాజీవ్ రహదారి మీద బిడ్డను ముందు కూర్చోబెట్టుకొని హెల్మెట్ లేకుండా బండి నడిపే నాన్నలు కూడా ఈ మాట వినాలి.

మనసుకు తగిలే దెబ్బ

కొన్ని దెబ్బలు ఎక్స్‌రేలో కనబడవు. చాలా కార్టూన్లలో లావుగా ఉన్నవాడు తిండిపోతు లేదా తెలివితక్కువవాడు, నల్లగా, వంకరగా ఉన్నవాడు దుర్మార్గుడు, అందమైన కళ్ళున్న అమ్మాయి సిగ్గుపడుతూ పక్కన నిలబడుతుంది. ఇవి రోజూ చూసే బిడ్డ, తరగతిలో లావుగా ఉన్న తోటివాడి నడకను వెక్కిరిస్తాడు. వెక్కిరింపు పడ్డ బిడ్డ కడుపునొప్పి అని బడి మానేస్తాడు. ఏ పరీక్షలోనూ రోగం కనబడని ఇలాంటి కడుపునొప్పులతో వచ్చే పిల్లలను మేము వార్డులో చూస్తున్నాము. నెమ్మదిగా పక్కన కూర్చొని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

షిన్‌చాన్ అనే జపాన్ కార్టూన్‌లోని వెకిలి చేష్టల గురించి తల్లిదండ్రులు చాలామంది ఫిర్యాదు చేశారు. 2008లో మన దేశంలో దాని ప్రసారం కొంతకాలం ఆగింది కూడా. పిల్లవాడు అలాంటి చేష్ట చేస్తే మనం నవ్వకూడదు. మొదటిసారి నవ్వి, చుట్టాల ముందు మళ్ళీ చేయించి, పదోసారి చెంపదెబ్బ కొడితే బిడ్డకు ఏమి అర్థమవుతుంది?

మెరుపులు – ఫిట్స్

1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ఒక భాగం చూస్తూ ఉండగా చాలామంది పిల్లలకు ఫిట్స్, తలతిరుగుడు, వాంతులు వచ్చాయి. సుమారు 685 మందిని ఆసుపత్రులకు తీసుకుపోయారు. ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు దాదాపు 12 సార్లు మెరవడం దానికి కారణం. చాలామంది త్వరగా కోలుకున్నారు. ఫిట్స్ ఉన్న పిల్లల్లో కొందరికే ఇలా వెలుగు పడదు. అయినా గదిలో లైటు వేసి, టీవీకి దూరంగా కూర్చోబెట్టి చూపించడం అందరికీ మంచిది.

ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్టలు వదులు చేయండి. చేతిలో తాళం చెవి, ఇనుప ముక్క పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో స్పూను, గుడ్డ, నీళ్ళు ఏమీ పెట్టవద్దు. 5 నిమిషాల్లో ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

బొమ్మలతో మేలు కూడా ఉంది

యునిసెఫ్ 1990లలో దక్షిణాసియా ఆడపిల్లల కోసం మీనా అనే కార్టూన్ తయారు చేయించింది. మన దేశపు ప్రసిద్ధ యానిమేటర్ రామ్ మోహన్ దానికి పనిచేశారు. ఆడపిల్ల చదువు, చేతులు కడుక్కోవడం, తమ్ముడితో సమానంగా తిండి, ఇవన్నీ ఒక చురుకైన పిల్ల నడకలో, చూపులో చూపించారు. మన సంఘ కుటుంబాలకు తెలిసిన సూపర్‌బుక్ బైబిల్ కథల కార్టూన్లు తెలుగులోనూ ఉన్నాయి.

మా ఇంజెక్షన్ గదిలో కూడా బొమ్మలు మాకు సాయపడుతున్నాయి. సూది వేసేటప్పుడు కార్టూన్ చూపిస్తే పిల్లలకు భయం, నొప్పి తగ్గుతాయని అనేక పరిశోధనలు చెబుతున్నాయి. బిడ్డను పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కంటే తల్లి ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా బొమ్మ చూపించి, మేము కూడా బిడ్డ ఎత్తుకు వంగి నవ్వుతూ మాట్లాడితే పని తేలికవుతుంది. మీరు కూడా "మాట వినకపోతే సిస్టర్ సూది వేస్తుంది" అని దయచేసి బెదిరించవద్దు.

ఇంట్లో ఏమి చేయాలి?

1. ఏడాది లోపు బిడ్డకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించవద్దని, ఇంకా తగ్గితే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్ళ లోపు కూడా వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. దూరాన ఉన్న నాన్నతో వీడియో కాల్ మాట్లాడితే పరవాలేదు. 

2. పక్కన కూర్చొని చూడండి. రోజులో పది నిమిషాలైనా సరే. మీకు కుదరకపోతే నానమ్మ, అమ్మమ్మ, తాత కూర్చోవచ్చు.

3. ఒక్కసారి సౌండు తీసేసి చూపించండి. "ఇప్పుడు ఆ బొమ్మకు కోపమా, భయమా? నీకెట్ల తెలిసింది?" అని అడగండి. ఎదుటివాళ్ళ మనసు చదవడం బిడ్డకు అలవడుతుంది.

4. బొమ్మ కింద పడ్డప్పుడు "నిజంగా పడితే ఏమవుతుంది?" అని అడగండి. జవాబు బిడ్డనే చెప్పనివ్వండి.

5. తిండి ముందు తెర వద్దు. మొదటి నాలుగు రోజులు ఏడుస్తారు, గిన్నె నెడతారు. ఆకలైన బిడ్డ ఐదో రోజు తింటుంది. ఒక పూట తక్కువ తింటే కంగారు పడవద్దు.

6. పడుకునే గంట ముందు కట్టేయండి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

7. టీవీ కట్టేశాక ఒళ్ళు అలిసే ఆట ఇవ్వండి. దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ళ, కోకో చాలు.

8. కొట్టే చేష్ట చేస్తే చెయ్యి పట్టుకొని ఆపి, బదులు ఏమి చేయాలో చూపించండి. ఫోను దూరంగా పెట్టి, మీరూ బిడ్డ కళ్ళలోకి చూసి మాట్లాడండి.

ఎప్పుడు తీసుకురావాలి?

పడ్డ తర్వాత వాంతులు, మత్తు, ఫిట్స్, ముక్కు లేదా చెవి నుంచి రక్తం, నీరు, తగ్గని తలనొప్పి, ఇందులో ఏది ఉన్నా ఆలస్యం వద్దు. పైకి బాగానే ఉన్నా మొదటి 24 గంటలు కనిపెట్టి ఉండండి. పేరు పిలిస్తే తిరిగి చూడని బిడ్డను, రెండేళ్ళు వచ్చినా రెండు మాటలు కలిపి చెప్పని బిడ్డను "టీవీ వల్లే" అని ఇంట్లో కూర్చోబెట్టవద్దు. చెవి పరీక్ష, ఎదుగుదల పరీక్ష చేయించాలి. బిడ్డ దిగులుగా ఉంటే, మీరే తట్టుకోలేకపోతుంటే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.

చివరగా సండే స్కూలు టీచర్లకు ఒక మనవి. వీబీఎస్‌లో స్కిట్లు వేయించేటప్పుడు గొల్యాతు పడిపోవడం ఒక్కటే పెద్దది చేసి చూపించకండి. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడి పక్కన వంగి కట్టు కట్టే తీరును కూడా పిల్లలచేత చేయించండి. గుద్దే చెయ్యిని పిల్లలు ఎంత తొందరగా నేర్చుకుంటారో, లేవనెత్తే చెయ్యిని కూడా అంతే తొందరగా నేర్చుకుంటారు. దేవుడు మీ పిల్లలను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున